ఐదేళ్ల కిందట ఏం తింది? ఒక చీతా కేసు

పెద్ద పిల్లుల్లో ప్రియాన్ జబ్బును (మ్యాడ్ కౌ లాంటి మెదడు జబ్బు) కళ్లారా చూసిన పశువైద్యులు ప్రపంచం మొత్తం మీద తక్కువే. ఇకమీదట చూసేవాళ్లు ఇంకా తక్కువ ఉంటారు. అయినా ఈ కేసు రాస్తున్నానంటే, జబ్బు ఎంత అరుదైనదైనా దాన్ని పట్టుకున్న పద్ధతి ఏ జూలోనైనా, ఏ నరాల జబ్బుకైనా పనికొస్తుందని. పార్కు పేరు, ఊరు, జంతువు పేరు, అది పుట్టిన జూ పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, పైచదువు అయ్యాక ఇంగ్లండ్‌లో ఒక సఫారీ పార్కులో సహాయ డాక్టరుగా చేరాను. కాలం 1990ల మధ్య. ఆ దేశంలో అప్పటికి పశువుల డాక్టర్ల నోట ఒకటే మాట, మ్యాడ్ కౌ. ఆవుల్లో ఈ జబ్బును 1986లో గుర్తించారు. చచ్చిన పశువుల మాంసం, ఎముకలు ఉడికించి పొడిచేసి, ఆ పొడినే మళ్లీ ఆవుల దాణాలో కలపడం వల్ల అది దేశమంతా పాకింది. 1988లో ఆ పొడిని ఆవులకు, గొర్రెలకు పెట్టకూడదన్నారు. 1989 నవంబరులో ఆవు మెదడు, వెన్నుపాము లాంటి భాగాలు మనుషుల తిండిలోకి రాకూడదన్నారు. వాటిని ఏ జంతువుకీ పెట్టకూడదన్న నిషేధం మాత్రం 1990 సెప్టెంబరు దాకా రాలేదు. నా కేసు మొత్తం ఈ సందులోనే ఉంది.

ప్రియాన్ అంటే సూక్ష్మజీవి కాదు. మెదడులో మామూలుగా ఉండే ఒక ప్రోటీన్ తప్పుగా ముడుచుకుని, పక్కనున్న మంచి ప్రోటీన్‌ను కూడా తనలా మార్చేస్తుంది. పాలలో తోడు వేసినట్టే: వేసేది చెంచాడు, తోడుకునేది గిన్నెడు. కాకపోతే ఇక్కడ తోడుకోవడానికి ఒక రాత్రి చాలదు, ఏళ్లు పడుతుంది. 1990లో ఇంగ్లండ్‌లో ఒక పెంపుడు పిల్లిలో ఇలాంటి జబ్బు బయటపడింది. ఆ తర్వాత జూలలోని ప్యూమాలో, చీతాల్లో కనిపించింది. ఎడిన్‌బరోలో ఎలుకల మీద చేసిన పరిశోధన 1994లో ప్రచురించారు. పిల్లులకు వచ్చినదీ, ఆవులకు వచ్చినదీ ఒకే రకమని దాంతో తేలింది.

మన చీతా ఏడేళ్ల ఆడది. 1988లో మరో జూలో పుట్టి, 1992లో తన తోడబుట్టిన మగదానితో కలిసి మా పార్కుకు వచ్చింది. ఇక్కడే ఒక ఈత పిల్లల్ని పెంచింది. టీకాలు సరిగ్గా ఉన్నాయి. అంతకుముందు చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు.

మొదట కనిపించినవి

పిలిచింది కీపర్. ఆ చీతా రోజూ తన చెక్క ఇంటి కప్పు మీదకెక్కి కూర్చునేది. ఆ రోజు ముందు కాళ్లు కప్పు మీద పడ్డాయి గానీ వెనక భాగం రాలేదు, జారిపోయింది. ఒక్కసారికే ఎవరూ పిలవరు. కొన్నాళ్లుగా మలుపు తిరిగేటప్పుడు వెనక కాళ్లు పక్కకు జారుతున్నాయని, తను పొరబడుతున్నానేమో అనుకుని చెప్పలేదని ఆయన అన్నాడు.

కంచె ఇవతల నిలబడి చూస్తే వెనక కాళ్ల తూలుడు కాక మరో మూడు కనిపించాయి. ముందు కాళ్లను అవసరానికి మించి పైకెత్తి వేస్తోంది, నీళ్లలో నడిచే కొంగలా. మాంసం మీదకు మూతి దించేటప్పుడు తల సన్నగా వణుకుతోంది, మూతి మాంసానికి ఆనగానే వణుకు ఆగుతోంది. గేటు గొళ్లెం లాగిన చప్పుడుకు ఒళ్లంతా ఒక్క ఉదుటున ఎగిరిపడుతోంది. గొళ్లెం చప్పుడు దానికి చిన్నప్పటి నుంచీ అలవాటే. జ్వరం ఉన్న జంతువులా లేదు. ఆకలి బాగానే ఉంది, కాస్త ఎక్కువే ఉందని కీపర్ అన్నాడు.

కుక్కనైతే బల్ల మీద నిలబెట్టి, కాలి వేళ్లు మడిచి, రిఫ్లెక్సులు చూస్తాం. మెలకువగా ఉన్న చీతాకు అవేవీ కుదరవు, మత్తిస్తే నడక చూడలేం. అందుకే వీడియోనే నరాల పరీక్షగా పెట్టుకున్నాం. తిండికి పిలిచే దారిలో ఒకే చోట కెమెరా పెట్టి, ఒకే వేళకు, ఒకే దూరం నడిపించి వారం వారం తీశాం. ఈ కేసులో మేం తీసుకున్న నిర్ణయాల్లో అతి చవకైనదీ, అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చినదీ అదే.

ముందు దేన్ని తోసిపుచ్చాలి

వెనక కాళ్లొక్కటే అయితే వెన్నుపాము అనుకోవచ్చు. యూరప్ జూలలోని చీతాల్లో వెన్నుపాము క్షీణించి వెనక కాళ్లు తూలే జబ్బు ఒకటి ఉంది. మా సీనియర్ డాక్టరు మొదట దాన్నే అనుకున్నారు. కానీ ఆ జబ్బులో తల వణకదు, చప్పుడుకు ఉలికిపాటు ఉండదు. వణుకూ, కాలు మరీ ఎత్తి వేయడమూ చిన్నమెదడును చూపిస్తున్నాయి. ఉలికిపాటు ఇంకా పైకి, మెదడు వైపే చూపిస్తోంది. రెండు పక్కలా సమానంగా ఉంది కాబట్టి గడ్డ, దెబ్బ వెనక్కి పోయాయి. ఇన్ని చోట్ల ఒకేసారి, జ్వరం లేకుండా, మెల్లగా ముదురుతున్న జబ్బు ఏమిటన్నది ప్రశ్న.

ఇక్కడ ఒక మాట. ఇదే జంతువు హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో ఉంటే నేను మొదట అనుకునేది రేబిస్. అది కాదని తేలేదాకా ఎవర్నీ లాలాజలం తాకనిచ్చేవాణ్ణి కాదు. ఇంగ్లండ్‌లో ఆ భయం లేదు. కాబట్టి జాబితా ఇలా మొదలైంది: బి1 విటమిన్ లోపం, విటమిన్ ఎ లోపం, రాగి లోపం, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే పెరిటోనైటిస్, పిల్లుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఎఫ్‌ఐవీ, లుకీమియా వైరస్, డిస్టెంపర్, సీసం, నత్తల మందు, పురుగుమందు. డిస్టెంపర్ కుక్కల జబ్బే అయినా 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి సింహాలను మూడో వంతు పొట్టన పెట్టుకుంది కాబట్టి వదల్లేదు. కరోనా వైరస్ అంటే చీతాలు మరీ సున్నితం, అమెరికాలో 1980ల మొదట్లో ఒక సఫారీ పార్కు చీతాల్లో సగానికి పైగా దానికే పోయాయి. ప్రియాన్ జబ్బు పేరు జాబితా అడుగున రాసుకున్నాం. కారణం సులువే. మా పార్కులో చీతాలకు గుర్రపు మాంసం, కుందేళ్లు, కోళ్లు పెట్టేవాళ్లం. ఆవు తల గానీ, వెన్ను గానీ ఎన్నడూ పెట్టలేదు.

చేసినవి, ఫలించనివి

మెడెటోమిడిన్, కెటమిన్ కలిపి డార్టుతో మత్తిచ్చాం. చీతాకు కంగారులో ఒళ్లు వేడెక్కిపోతుంది, అందుకని తెల్లవారుజామున, చల్లటి వేళ చేశాం. రక్తం, ఎక్స్‌రేలు, కళ్లు, చెవులు చూశాం. మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీయాలా వద్దా అన్న దగ్గర కాసేపు ఆగాం. అడుగున రాసుకున్నా ప్రియాన్ పేరు జాబితాలో ఉంది కదా. వాడి పారేసే సూదితోనే తీయాలని, ఆ సూది, గ్లవ్స్, గుడ్డలు అన్నీ కాల్చేయాలని అనుకుని తీశాం. ద్రవంలో కణాలు పెరగలేదు, ప్రోటీన్ మామూలుగానే ఉంది. ఇన్ఫెక్షన్లు చాలావరకు వెనక్కి పోయాయి. పుర్రె ఎముక మందంగా లేదు, కాబట్టి విటమిన్ ఎ కూడా పోయింది. సీసం, రాగి మామూలే. టాక్సోప్లాస్మా యాంటీబాడీలు ఉన్నాయి. కానీ పచ్చి మాంసం తినే పిల్లుల్లో అవి ఉండటం ఎప్పుడో తగిలిందని చెబుతుంది, ఇప్పుడు జబ్బు చేసిందని చెప్పదు.

చికిత్సను వరస పెట్టి ఇచ్చాం, అన్నీ కలిపి గుప్పించలేదు. బి1 మొదట ఇచ్చాం. చవక, హాని లేదు, పనిచేస్తే ఒకటి రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. తెలియలేదు. తర్వాత టాక్సోప్లాస్మా కోసం క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ పూర్తి కోర్సు. మార్పు లేదు. స్టెరాయిడ్ మీద వాదన నడిచింది. ఇన్ఫెక్షన్ ఉంటే స్టెరాయిడ్ చెడగొడుతుంది, లేకపోయినా నాలుగు రోజులు హుషారు తెప్పించి మన కళ్లకు గంతలు కడుతుంది. రిపోర్టులన్నీ వచ్చాకే మొదలుపెట్టాం. అనుకున్నట్టే ఆ వారం దాని కళ్లలో కళ కనిపించింది, కీపర్లు సంబరపడ్డారు. ఆ వారం వీడియోను అంతకుముందు వారం వీడియో పక్కన పెట్టి చూస్తే నడక ఇంకా దిగజారింది. వీడియో లేకపోయి ఉంటే స్టెరాయిడ్‌ను నెలరోజులు సాగదీసేవాళ్లం.

ఉలికిపాటు తగ్గుతుందని డయాజెపామ్ కొద్దిగా ఇచ్చి చూశాం. ఉలికిపాటు కాస్త తగ్గింది, తూలుడు బాగా పెరిగింది. ఆపేశాం. ఇంటి కప్పుకు అడ్డు కట్టి నేలమీదే గడ్డి పరిచాం. మాంసాన్ని ముక్కలు చేసి పళ్లెంలో పెట్టాం. గొళ్లేనికి రబ్బరు తొడిగాం. జబ్బు తగ్గకపోయినా దాని రోజులు కాస్త తేలికయ్యాయి.

పాత తిండి రికార్డు

కేస్ షీటులో తిండి గురించి రాసినదంతా మా పార్కు తిండే, అంటే 1992 తర్వాతిది. ప్రియాన్ జబ్బు పిల్లుల్లో బయటపడటానికి ఏళ్లు పడుతుందని అప్పటికే తెలుసు. అలాంటప్పుడు ఇప్పటి తిండిని చూసి ఆ పేరును అడుగున రాయడంలో అర్థం లేదు. అది పుట్టిన జూకు ఫోన్ చేశాం. కాగితాల మీద "మాంసం" అని తప్ప ఏమీ లేదు. అక్కడ పాత కీపర్ ఒకాయనను పట్టుకుని, ఏ మాంసం, ఏ భాగం, ఎవరు తెచ్చేవాళ్లు, ఎప్పటిదాకా అని ఒక్కొక్కటే విడదీసి అడిగాం. 1990 ఎండాకాలం దాకా, మనుషులు తినడానికి పనికిరావన్న ఆవుల కళేబరాలను నిలువునా రెండుగా కోసి తెచ్చేవాళ్లట. సగం కళేబరం అలాగే ఎన్‌క్లోజర్లో వేసేవాళ్లట.

నిలువునా కోయడమంటే రంపం వెన్నెముక మధ్యలోంచి పోతుంది. వెన్నుపాము రెండుగా చీలి, ఆ కాలువలో తెల్లటి పట్టీలా బయటికి కనిపిస్తుంది. చీతా పళ్లు పెద్ద ఎముకలు నమిలేంత గట్టివి కావు. అది పక్కటెముకలు కొరికి, గరుకు నాలుకతో ఆ కాలువను శుభ్రంగా నాకేస్తుంది. ఆవు శరీరంలో ప్రియాన్లు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మెదడులోనూ వెన్నుపాములోనే.

ఆ ఫోన్ తర్వాత జాబితా తలకిందులైంది. అనుమానం వస్తే చాలు ప్రభుత్వ పశువైద్య శాఖకు చెప్పాలన్నది అక్కడి చట్టం, చెప్పాం. బతికున్న జంతువులో నిర్ధారించే పరీక్ష లేదు. అంటే ఇకపై చేసే ప్రతి పనీ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఇది జంతువుకు మేలు చేస్తుందా, చనిపోయాక సరైన జవాబు రావడానికి దారి ఉంచుతుందా?

ఎప్పుడు, ఎలా

ఎప్పుడు ముగించాలన్నది జబ్బు ముదిరాక ఆలోచిస్తే భావోద్వేగాలు అడ్డొస్తాయి. కీపర్‌తో కూర్చుని ముందే రాసుకున్నాం: పళ్లెం దగ్గరికి సొంతంగా రాలేకపోయినా, పడుకోబోయి పడిపోతున్నా, ఒంటిని శుభ్రం చేసుకోవడం మానేసినా ఇక ఆగకూడదు. మొదటి లక్షణం నుంచి సుమారు రెండు నెలలకు ఆ మూడింటిలో రెండు వచ్చేశాయి.

దానంతట అదే పోయేదాకా ఎందుకు ఆగలేదంటే, దాని బాధ ఒక కారణం. రాత్రి చనిపోయి పొద్దున కనిపిస్తే మెదడు కుళ్లడం మొదలై, సూక్ష్మదర్శిని కింద ఏది జబ్బు రంధ్రమో, ఏది కుళ్లిన రంధ్రమో తేలదన్నది రెండోది. తుపాకీ వాడకూడదు, మనకు కావలసింది తలే. మత్తిచ్చి, నొప్పి తెలియకుండా ప్రాణం తీసే పెంటోబార్బిటాల్‌ను నరంలోకి ఎక్కించాం.

పోస్ట్‌మార్టంలో ఎక్కడైనా తప్పులు జరిగేవి ఇవే కాబట్టి వివరంగా రాస్తున్నాను. తలను అలాగే ఫ్రీజర్లో పెట్టేయడం చాలా జూలలో అలవాటు. గడ్డకట్టినప్పుడు మంచు స్ఫటికాలు చేసే రంధ్రాలు అచ్చం ఈ జబ్బు రంధ్రాల్లాగే ఉంటాయి, స్లైడు పనికిరాకుండా పోతుంది. అందుకని మెదడులో చిన్న భాగాన్ని ప్రోటీన్ పరీక్ష కోసం గడ్డకట్టించి, మిగతాదంతా పదింతల ఫార్మలిన్‌లో వేశాం. కరెంటు రంపం వాడితే తుంపర లేస్తుంది, చేతి రంపమే వాడాం. ఫార్మలిన్ ప్రియాన్‌ను చంపదు. ఆ ముక్కలతో పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్‌కు ఆ సంగతి డబ్బా మీదే రాసి పంపాలి. వాటిని గాఢ ఫార్మిక్ యాసిడ్‌లో గంటసేపు ఉంచితే ప్రమాదం బాగా తగ్గుతుంది. పనిముట్లను గాఢమైన కాస్టిక్ సోడాలో గంటసేపు నానబెట్టాం, వదులుకోగలిగినవి కాల్చేశాం. కళేబరాన్ని పూడ్చలేదు, దహనం చేయించాం. మట్టిలో ప్రియాన్ ఏళ్ల తరబడి ఉంటుంది.

వేబ్రిడ్జ్‌లోని ప్రభుత్వ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. మెదడు బూడిదరంగు పదార్థంలో రెండు వైపులా స్పాంజిలా రంధ్రాలు, ప్రియాన్ ప్రోటీన్ రంగు పరీక్ష పాజిటివ్. శబ్దం మెదడుకు చేరే దారిలోని ఒక కేంద్రంలో రంధ్రాలు ఎక్కువగా ఉన్నాయి. గొళ్లెం చప్పుడుకు ఎగిరిపడ్డ జంతువును చూసిన మాకు అది వింతనిపించలేదు.

మిగిలిన జంతువులు, మనుషులు

రిపోర్టు వచ్చిన కొద్ది వారాలకే, 1996 మార్చి 20న, ఆవుల జబ్బు మనుషులకూ వచ్చినట్టుందని బ్రిటన్ ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. పార్కులో టెన్షన్ మామూలుగా లేదు. కీపర్లు అడిగింది ఒకటే, మాకేమైనా అవుతుందా అని. పిల్లి నుంచి మనిషికి తాకడం వల్ల వచ్చిన కేసు ఒక్కటీ లేదని, మెదడును, వెన్నుపామును తాకింది మేమేనని, తాకినప్పుడు ఏమేం వేసుకున్నామో చూపించి చెప్పాం. దాచి ఉంటే పుకార్లే మిగిలేవి.

తోడబుట్టిన మగ చీతా అదే తిండి తింది. దాన్నీ, ముందుజాగ్రత్త పేరుతో పిల్లల్నీ చంపేయాలన్న మాట ఒకటి వచ్చింది. మేం ఒప్పుకోలేదు. ఒక చీతా నుంచి పక్కనున్న చీతాకు సోకినట్టు ఆధారం లేదు, తిన్నవాటన్నిటికీ రాదు కూడా. కానీ ఇంకో జూకి మాత్రం పంపకూడదని రాశాం. ఆస్ట్రేలియాలో ఆవుల జబ్బు లేదు, అయినా ఇంగ్లండ్ నుంచి వెళ్లిన చీతా ఒకటి అక్కడ ఈ జబ్బుతోనే పోయింది. పిల్లలు ఆవు వెన్ను ఎరగవు. అయినా తల్లి నుంచి వచ్చే వీలును కొట్టిపారేయలేక వాటి ఎగుమతిని కూడా ఆపాం. ఆ నిర్ణయాన్ని అతి జాగ్రత్త అన్నవాళ్లున్నారు. 2009లో ఫ్రాన్స్ నుంచి, ప్రియాన్ జబ్బుతో పోయిన తల్లికి పుట్టిన చీతాలో అదే జబ్బు కనిపించిందని, తల్లి నుంచే వచ్చి ఉండవచ్చని ఒక పరిశోధన వచ్చింది. మగ చీతాను వీడియోలతో గమనిస్తూ వచ్చాం. అది కొన్నేళ్ల తర్వాత మూత్రపిండాలు చెడి పోయింది. జూ చీతాల్లో అది మామూలే. మెదడు పరీక్షించారు, ప్రియాన్ లేదు.

తిండి విషయంలో ఒక చిక్కు వచ్చింది. ఈ భయంతో కొన్ని జూలు ఎముక లేని మెత్తటి మాంసం పెట్టడం మొదలుపెట్టాయి. ఎముక లేకపోతే కాల్షియం లేదు, ఎదిగే పిల్లల ఎముకలు మెత్తబడి విరుగుతాయి. ఒక జబ్బును తప్పించబోయి ఇంకోదాన్ని తెచ్చుకోవడమే. మేం ఎముకను తీసేయలేదు, ఆవు ఎముకను మార్చాం. కుందేళ్లు, కోళ్లు మొత్తంగా పెట్టాం, గుర్రం పక్కటెముకలు పెట్టాం.

మన దగ్గర

"సార్, మన జూలలో ఇది వస్తుందా?" అని ఇక్కడి జూనియర్లు అడుగుతుంటారు. భారతదేశంలో ఆవులకు ఈ జబ్బు వచ్చినట్టు రికార్డు లేదు, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ లెక్కలో మనది అతి తక్కువ ముప్పున్న దేశం. తూలుతున్న పులిని చూసి ప్రియాన్ అనుకోవద్దు. ముందు రేబిస్, ఆ తర్వాత డిస్టెంపర్. అయితే మెదడు తీసేటప్పుడు రేబిస్‌కు ఐస్ మీద పచ్చి ముక్క పంపి మిగతాది పారేయకండి, ఫార్మలిన్‌లో వేయండి. రేబిస్ నెగెటివ్ వచ్చినప్పుడు చూడటానికి ఏదో ఒకటి ఉండాలి.

అమెరికాలో వన్యప్రాణుల కేంద్రాల్లో పనిచేస్తున్న మన పిల్లలకు నేను చెప్పేది వేరు. అక్కడ జింకల్లో, ఎల్క్ అనే పెద్ద జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రియాన్ జబ్బు ఉంది, పాకుతోంది కూడా. రోడ్డు మీద చచ్చిన జింకలను, వేటగాళ్లు ఇచ్చిన జింకలను పులులకూ ప్యూమాలకూ పెట్టే కేంద్రాలున్నాయి. పిల్లి జాతికి అది సహజంగా వచ్చినట్టు ఇంతవరకు రికార్డు లేదు. కానీ జబ్బు జింక మెదడును పెంపుడు పిల్లుల మెదడులోకి ఎక్కించినప్పుడు వాటిలో కొన్నింటికి సోకిందని 2013లో ప్రచురించారు. ఆ జబ్బున్న ప్రాంతపు జింకను పరీక్ష చేయించకుండా పెట్టొద్దు. పెడితే ఏ జంతువుకు, ఏ తేదీన, ఎక్కడి జింక, తలా వెన్నూ ఉన్నాయా లేవా అన్నది ఆ జంతువు కార్డు మీదే రాయండి. జంతువు వేరే జూకి వెళ్తే ఆ కార్డు కూడా దానితో పాటే వెళ్లాలి.